ఊహైతే ఊహని రాయండి

9 జనవరి 1988, శనివారం

కొత్త డైరీ. ఎస్తేరమ్మ కొడుకు విల్‌ఫ్రెడ్ ఇచ్చాడు, ఏదో టైర్ల కంపెనీది. ఎనిమిదో తరగతి తప్పినవాడికి డైరీ ఎందుకని ఎవరైనా అడుగుతారేమో అనుకున్నాను. ఎవరూ అడగలేదు. ఈ ఊళ్లో నాకు నచ్చిందే అది.

ఖరగ్‌పూర్ వచ్చి మూడేళ్లు. బెజవాడ లాడ్జిలో ఒక్క మంచానికి ఇచ్చిన అద్దెకి ఇక్కడ పూరీ గేట్ దగ్గర ఎస్తేరమ్మగారింటి వెనక గది, దానికో కిటికీ, రెండు పూటలా అన్నం, ఆదివారం కోడికూర. ప్రార్థన ఉచితం. పత్రికకి బొమ్మలు వేసేవాడు పత్రిక ఉన్న ఊళ్లోనే ఏడవాలని ఎక్కడ రాసి ఉంది? ఎడిటర్ సుబ్బరాజు సీరియల్ కాగితాలు కవర్లో పెట్టి పంపుతాడు. నేను చదివినంత చదివి, బొమ్మ వేసి, రెండు అట్టల మధ్య పెట్టి, స్టేషన్లో రైలు టపా వాళ్ల ఆర్.ఎమ్.ఎస్. డబ్బాలో పడేస్తాను. ఎల్లుండికి బెజవాడలో వాడి బల్ల మీద ఉంటుంది. పాఠకులంతా నేను వాడి పక్క గదిలోనే ఉంటాననుకుంటారు.

డబ్బాలో వేశాక వచ్చెయ్యొచ్చు. రాను. మద్రాసు బండి కదిలేదాకా నిలబడతాను. నా గీత ఒకటి అందులో కూర్చుని నాకు తెలియని ఊళ్లన్నీ దాటుకుంటూ పోతోందని. నలభై ఆరేళ్లొచ్చాయి, ఇంకా ఆ వింత తీరలేదు.

ఎస్తేరమ్మకి మాత్రం నా ఉద్యోగం మీద నమ్మకం లేదు.

"పొద్దస్తమానం కూకుని గీతలు గీస్తావు. నీకు జీతం ఎవులిస్తన్నారు తమ్ముడా?"

"దేవుడే అక్కా."

"ఆయన గీతలకివ్వడు. కష్టానికిస్తాడు."

12 జనవరి

నిమ్‌పురా వెళ్లాను. గూడ్సు పెట్టెలు బాగుచేసే చోట ఒక మనిషి ఉన్నాడు, భద్రయ్య. పెట్టెల మీద నంబర్లు, బరువులు, తేదీలు తెల్లరంగుతో రాస్తాడు. బెంగాలీ వాళ్లు భొద్రోదా అంటారు. స్కేలు లేదు, సుద్దగీత లేదు, దారం లేదు. ఇనుప పెట్టె మీద మూరెడు సున్నా చుడితే మొదలెక్కడో చివరెక్కడో కనపడదు. నేను ముప్పై ఏళ్లుగా గీతలమ్ముకుంటున్నాను. నా సున్నా కోడిగుడ్డులా వస్తుంది.

మొదటిసారి చూసినప్పుడు ఏడిపిద్దామని, "ఆ రెండంకె కొంచెం వంకర పోయిందయ్యా" అన్నాను. బ్రష్షు పళ్ల మధ్య అడ్డంగా పెట్టుకుని, వెనక్కి జరిగి, చాలాసేపు చూశాడు. తర్వాత బ్రష్షు తీసి, "వంకర నీ మెడకుంది బావూ" అన్నాడు. అప్పణ్ణించి స్నేహం.

ఏ ఊరంటే చెప్పడు. "లైనంటే" అంటాడు. రైలు పట్టాల పక్కన ఎక్కడో అని.

16 జనవరి

సుబ్బరాజు పంపిన భాగంలో సముద్రపొడ్డున పడవకి రంగు వేసే అనామకుడు ఒకడు వస్తాడు. మూడు వాక్యాలే ఉన్నాయి వాడి మీద. నేను అరపేజీ బొమ్మ వేశాను. భద్రయ్యని కుడిపక్క నుంచి దింపేశాను, బ్రష్షుతో సహా. పడవ అరిగిపోయిన గూడ్సు పెట్టెలా వచ్చింది. పర్వాలేదు, సీరియల్ కూడా అలాగే ఉంది.

30 జనవరి

స్టేషన్ పుస్తకాల కొట్లో పత్రిక వచ్చింది. బొమ్మ బాగా అచ్చయింది. పట్టుకుని నిమ్‌పురా పరిగెత్తాను.

భద్రయ్య చేతులు తుడుచుకుని చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఇది ఎంతమంది సూస్తారు?"

"లక్షమంది." కోశాను.

"మన పక్కన కూడానా?"

"ఏ పక్కన?"

పత్రిక మడిచి ఇచ్చేశాడు. ఆ పూట ఇంక ఒక్క అంకె కూడా రాయలేదు. సంతోషం పట్టలేక అనుకుంటాను.

10 ఫిబ్రవరి

సుబ్బరాజు పగ తీర్చుకున్నాడు. శభాష్.

కిందటేడు దసరాకి కుమారి త్రిపురసుందరి, రాజమండ్రి అని వాడికో ఉత్తరం రాశాను. తమ సంపాదకీయాలు చదవనిదే నిద్ర పట్టడం లేదనీ, ఒక ఫొటో పంపితే దిండు కింద పెట్టుకుంటాననీ. వెధవ, స్టూడియోకి వెళ్లి సూటులో ఫొటో దిగి పంపాడు. ఆ ఫొటో ఇప్పటికీ నా గోడకుంది. డిసెంబరులో సంగతి తెలిసి నన్ను తెలుగులో ఉన్నవన్నీ తిట్టాడు.

ఇవాళ సీరియల్ కాగితాలతోపాటు ఒక ఉత్తరం పంపాడు, పాఠకురాలి దగ్గర్నించట. అంటిస్తున్నాను, పారేస్తే మళ్లీ దొరకదు ఇంత మంచి అబద్ధం.

*బొమ్మలు వేసే జగ్గారావుగారికి బొబ్బిలి దగ్గర నుంచి లక్ష్మీకాంతం నమస్కరించి రాయునది. మీ పత్రిక మా ఊరి పంతులమ్మగారు తెప్పిస్తారు. పడవకి రంగు వేసే మనిషి బొమ్మ చూశాను. బ్రష్షు పళ్ల మధ్య అడ్డంగా పెట్టుకున్నాడు. ఎడమ కాలు మడిచి ఆ పాదం మీదే కూర్చున్నాడు. మా ఇంటాయన పలుపుతాడు అలాగే పళ్ల మధ్య పెట్టుకునేవారు. అలాగే కూర్చునేవారు. విత్తనాలు తెస్తానని వెళ్లారు, పన్నెండేళ్లు నిండుతున్నాయి. నిండాక దర్భలతో మనిషిని చేసి దహనం చేసి కర్మ చెయ్యాలని మా మరుదులు ముహూర్తం పెట్టించారు. మార్చి ఆరు. ఆ రోజు నా బొట్టు తీస్తారు. ఆ మనిషిని మీరు చూసి వేశారా, ఊహించి వేశారా? ఊహైతే ఊహని రాయండి. పీట మీద కూర్చుంటాను.*

ఆడరాత రాయడంలో నాకంటే ముదిరిపోయాడు. బొబ్బిలి పోస్టాఫీసు ముద్ర కూడా సంపాదించాడు. అక్కడ వాడికెవరో చుట్టాలుండి ఉంటారు.

11 ఫిబ్రవరి

జవాబు రాశాను, ఆ బొబ్బిలి చిరునామాకే. వాడి చుట్టాలు వాడికి చేరుస్తారు.

*శ్రీమతి లక్ష్మీకాంతంగారికి. తమరి భర్తగారు నా బొమ్మలో కూర్చుని కూర్చుని నడుం పట్టేసిందని దిగి వెళ్లిపోయారు. మరే పత్రికలోనైనా తేలితే నాకూ ఒక ముక్క రాయండి. వెతకడానికి వచ్చేట్టయితే తోడుగా కుమారి త్రిపురసుందరిని తీసుకురాగలరు.*

మూడుసార్లు చదువుకుని మూడుసార్లూ నవ్వాను. పోస్టు చేసేటప్పుడు వెనక నా చిరునామా కూడా రాశాను, వాడి ఏడుపు నాకు నేరుగా అందాలని.

19 ఫిబ్రవరి

కార్డు వచ్చింది.

*నవ్వులాటగా రాశారు. పంతులమ్మగారు బాధపడ్డారు. నేను పడలేదు. అందులో ఊహ అని ఎక్కడా లేదు. త్రిపురసుందరి ఎవరో నాకు తెలియదు. మార్చి ఆరుకి ఇంక రోజులు లేవు. మళ్లీ అడుగుతున్నాను. ఊహేనా?*

ఇది సుబ్బరాజు పనే.

సుబ్బరాజుకి ఇంత పొట్టి వాక్యాలు రాయడం రాదు.

ఇది సుబ్బరాజు పనే.

20 ఫిబ్రవరి

రేపు నిమ్‌పురా వెళ్లి భద్రయ్యని అడగాలి.

21 ఫిబ్రవరి

ఆదివారం. పనికి రాడు.

22 ఫిబ్రవరి

జలుబు చేసింది.

23 ఫిబ్రవరి

వెళ్లాను. డైరీలోంచి ఊడదీసిన మొదటి ఉత్తరం, దాంతోపాటు కార్డు ఇచ్చాను. చదవలేదు. చేతిరాత చూసి, ఉన్నచోటే కూర్చున్నాడు, ఎడమ కాలు మడిచి ఆ పాదం మీదే. ఎక్కడో బొబ్బిలి దగ్గర ఒక వాకిట్లో కూర్చుని, అరపేజీ బొమ్మలో గోరంత ఉన్న ఈ పాదాన్ని పట్టుకుందా ఆవిడ! నేను వేసేటప్పుడు నాకే తెలియదు ఆ పాదం అంత ముఖ్యమైందని.

"కాంతం రాత" అన్నాడు.

"గొడవ పడ్డారా?"

"నేదు."

"కొట్టావా?"

"సీ."

"ఇంకో ఆడమనిషా?"

"నీ మొకం. నేదు."

"మరి దేనికి వదిలేశావయ్యా?"

రంగుడబ్బా మూత తిప్పుతూ చెప్పాడు.

"కారణవేటీ నేదు బావూ. బొబ్బిలి టేసన్లో గూడ్సు ఆగుంది. పెట్టిల మీద నంబర్లు సదూకుంట సివరికంటా నడిసినాను. సివరి పెట్టి కాడికొచ్చీసరికి కదిలింది. ఎక్కినాను. అంతే. ఏదో ఒక కారణవుంటే ఎప్పుడో తీరిపోను, నేనూ ఎలిపోదును. నేదు కాబట్టే ఎల్లనేకపోనాను. ఎల్లి ఏటని సెప్పాల?"

నాకు ప్రతిదానికీ ఒక మాట ఉంటుంది. దీనికి లేదు. పన్నెండేళ్లు ఒక మనిషి కారణం లేక ఆగిపోవడం!

"మార్చి ఆరున నీకు కర్మ చేస్తారట."

"సదివినాను కదా."

"చదవలేదు. రాత చూసి కూర్చున్నావంతే."

అప్పుడు చదివాడు. బొట్టు అన్నచోట వేలు ఆగింది. నంబర్లు రాసే వేలు, తెల్లరంగు గోరు నిండా.

"ఊహని రాసెయ్ బావూ" అన్నాడు.

"రాస్తే ఆవిడ పీట మీద కూర్చుంటుంది."

"రాసెయ్."

"నువ్వు ఇక్కడ నంబర్లు రాసుకుంటూ ఉంటే అక్కడ నిన్ను తగలేస్తారు, తెలుస్తోందా?"

"దర్భలే కదా బావూ తగలేసేది."

ఆ మాట అన్నాక నా మొహం చూడలేదు.

24 ఫిబ్రవరి

రాశాను. *అమ్మా, నమస్కారం. ముందు జాబుకి క్షమించండి. ఆ బొమ్మ కేవలం నా ఊహ. మీకు కలిగిన శ్రమకు చింతిస్తున్నాను.* చింతిస్తున్నాను అన్న మాట సుబ్బరాజు సంపాదకీయంలోంచి ఎత్తాను.

డబ్బాలో వేశాక, చెయ్యి దూర్చి వెనక్కి తీద్దామని చూశాను. పట్టలేదు. పట్టలేదనే రాసుకుంటున్నాను.

26 ఫిబ్రవరి

నాకేం సంబంధం. నేను బొమ్మలు వేసేవాణ్ణి.

27 ఫిబ్రవరి

నాకేం సంబంధం.

29 ఫిబ్రవరి, సోమవారం

జరిగింది జరిగినట్టు రాయాలి. వెటకారం వద్దు.

పొద్దున్న పదింటికి ఎస్తేరమ్మ తలుపు కొట్టింది.

"తమ్ముడా, ఎవులో ఆడమనిషి నీకోసరం వచ్చినాది. బొబ్బిలి కాణ్ణించంట. ఏటి సేసినావు నువ్వు?"

వరండాలో నిలబడి ఉంది. సన్నగా, నల్లగా, నలభై రెండు నలభై మూడు ఉంటాయి. చేతిలో గుడ్డసంచి. నుదుటి మీద రూపాయంత బొట్టు. ఆ బొట్టు చూసి నా కళ్లు కిందికి వాలిపోయాయి.

"బొమ్మలేసే జగ్గారావు బావువి నువ్వేనా?"

"నేనేనమ్మా. నా రెండో ఉత్తరం అందలేదా? ఊహని రాశాను కదా."

"అందింది. మొదటి జాబు ఎటకారం. రెండోది మరేద. అంత ఎటకారం సేసినోడికి రెండు వారాల్లో ఇంత మరేద ఎక్కణ్ణించొచ్చిందా అని బండెక్కినాను."

ఎస్తేరమ్మ నోరు తెరిచి నన్ను చూసింది, ఆవిణ్ణి చూసింది, లోపలికెళ్లి టీ నీళ్లు పెట్టింది. వరండా నుంచి మాత్రం చెవి తియ్యలేదు.

"ఊహేనమ్మా. మా పనే అంత. ఎవడో ఒకణ్ణి బుర్రలోంచి తీసి వేస్తాం."

ఆవిడ సంచిలోంచి పత్రిక కాగితం తీసింది. మడతలు చిరగకుండా వెనక అన్నంమెతుకులతో గుడ్డ అంటించి ఉంది.

"అయితే మళ్లీ ఎయ్యి."

"ఏమిటి?"

"ఈ మడిసినే. ఈసారి ఎడం పక్క నించి. నీ బుర్రలోనే ఉన్నాడు కదా. బుర్రలో మడిసికి రెండో పక్క ఉండదా ఏటి?"

నేను ఎంతమందిని బురిడీ కొట్టించాను! లాడ్జి మేనేజర్ని, సుబ్బరాజుని, ఇద్దరు పోలీసుల్ని. ఐదో తరగతి చదివిందో లేదో తెలియని ఈ మనిషి నన్ను నా బల్ల ముందే నిలబెట్టింది.

"ఎయ్యి తమ్ముడా" అంది ఎస్తేరమ్మ టీ గ్లాసులు పట్టుకొచ్చి. "రోజంతా అదే కదా నీ పని."

వేశాను. నాకు నా తెలివి మీద నమ్మకం ఉంది. వేరే మనిషిని వేస్తాను, అయిపోతుంది. బుర్రమీసం పెట్టాను, భద్రయ్యకి లేదు. జుట్టు ఒత్తుగా పెట్టాను. ముక్కు కొంచెం వంచాను. పాదం మడవలేదు, రెండు కాళ్లూ చాపించేశాను. బ్రష్షు చేతికిచ్చాను. ఆవిడ బొమ్మని చూడటం లేదు. నా చేతిని చూస్తోంది, పాలు పితికేవాణ్ణి చూసినట్టు, ఎక్కడ ఆపుతాడా అని. పావుగంటలో అయింది. ఎవడో బెంగాలీ జమీందారులా ఉన్నాడు. లోపల్లోపల నవ్వుకుంటూ కాగితం ఇచ్చాను.

ఆవిడ చూసింది. మీసం మీద చూపు ఆగలేదు. ముక్కు మీద ఆగలేదు. చూపుడువేలు తెచ్చి చెవి మీద పెట్టింది.

"ఇదేటి?"

చూశాను. ఎడమ చెవి తమ్మె సగం లేదు. కొరికినట్టు.

నేనే వేశాను. నా పెన్నే. ఎప్పుడు వేశానో నాకు తెలియదు. దేవుడి సాక్షిగా తెలియదు. మీసం ఆలోచించి పెట్టాను, జుట్టు ఆలోచించి పెట్టాను. చెవి దగ్గర ఆలోచించలేదు. మూడేళ్లుగా ఆ మనిషి పక్కన నిలబడి చూసిన చెయ్యి, చెవి వచ్చేసరికి దానికి తెలిసిన చెవి వేసేసింది. నన్ను అడగలేదు.

"మూడో ఏట కుక్క కరిసింది" అంది లక్ష్మీకాంతం. "మా అత్త సెప్పేది. పత్రికలో బొమ్మ కుడిపక్క. ఈ సెవి అందులో కనపడదు."

ఎస్తేరమ్మ "యేసయ్యా" అని గడప మీద కూర్చుండిపోయింది.

ఆవిడ ఏడవలేదు. టీ చల్లారిపోతుందని తాగేసింది. గ్లాసు కడిగి బోర్లించింది, పరాయి ఇంట్లో. తర్వాత అడిగింది, "తింటన్నాడా?"

"తింటున్నాడమ్మా."

"ఎటేపు ఎల్లాల?"

రిక్షాలో నిమ్‌పురా తీసుకెళ్లాను. ఆయన పెట్టెల మీద నంబర్లు రాస్తాడని దారిలో చెప్పాను. పట్టాలు, షెడ్లు, పొగ, వందల పెట్టెలు. అన్నిటి మీదా తెల్లటి అంకెలు. వాటిని చూస్తోంది. "ఇయ్యన్నీ ఆయన రాసినియ్యేనా?" అంది ఒకసారి. చాలామటుకు అన్నాను. "బొబ్బిలి మీదుగా ఎల్తాయా?" అంది. వెళ్తాయేమో అన్నాను.

భద్రయ్య స్టూలు మీద నిలబడి రాస్తున్నాడు. ముందు నన్ను చూశాడు. తర్వాత ఆవిణ్ణి. చేతిలో బ్రష్షు నుంచి రంగు బొట్లుబొట్లుగా చెప్పు మీద పడుతోంది. పక్కన వెల్డింగు చేసే ముసలాయన నవ్వుతూ అరిచాడు, "భొద్రోదా, కే ఎలో?" ఎవరొచ్చారని.

"బొఉ" అన్నాడు భద్రయ్య.

పెళ్లాం అని. పన్నెండేళ్ల తర్వాత ఆ మాట తెలుగులో నోరు తిరగలేదు కాబోలు, బెంగాలీలో వచ్చింది.

ఆవిడ ఎందుకెళ్లిపోయావని అడుగుతుందనుకున్నాను. కొడుతుందనుకున్నాను. కాళ్ల మీద పడుతుందనుకున్నాను. నేను చదివిన సీరియల్స్ అన్నీ అలాగే ఉంటాయి మరి.

"ఆదివారం నీ కర్మ" అంది. "వస్తావా, సేయించీమంటావా?"

రెండు గూడ్సులు పోయాయి. అంతసేపు.

"సేయించీ" అన్నాడు, మెల్లిగా.

"నేను సేయించను. బతికున్నోడికి నేను బొట్టు తియ్యను. సేయించుకోవాలని ఉంటే నువ్వే వచ్చి మీ తమ్ముళ్లకి నీ నోటితో సెప్పు, సచ్చిపోనానని."

వెల్డింగు ముసలాయనకి తెలుగు రాదు. అయినా ముసుగు తీసి పక్కన పెట్టాడు.

"వచ్చి ఉండిపోమంటావా?" అన్నాడు భద్రయ్య.

"నేనెప్పుడన్నాను? కనపడు. ఎలిపో."

భద్రయ్య స్టూలు దిగాడు. బ్రష్షు కిరసనాయిలులో కడిగాడు, వెంట్రుక వెంట్రుక విడదీసి, తీరిగ్గా. మామూలుగా సాయంత్రం పని అయ్యాక కడుగుతాడు. ఇవాళ పన్నెండింటికే కడిగాడు.

1 మార్చి

బండెక్కారు. టికెట్లు నేనే తీశాను. "ఈయనకి రానుపోను తియ్యి బావూ" అంది ఆవిడ. ఎదురెదురు కిటికీల దగ్గర కూర్చున్నారు, పక్కపక్కన కాదు. ఎస్తేరమ్మ పులిహోర పొట్లం కట్టిచ్చింది. భద్రయ్య కొత్త చొక్కా వేసుకున్నాడు. గోళ్లలో తెల్లరంగు పోలేదు.

బండి కదిలాక ప్రపంచంలోకెల్లా పొడుగైన ఈ ప్లాట్‌ఫారం అంతా నడిచాను. మామూలుగా దీని మీద నా దగ్గర నాలుగు జోకులుంటాయి. ఒక్కటీ గుర్తు రాలేదు. నేను బెజవాడకి పంపిన అరపేజీ బొమ్మ బొబ్బిలి వెళ్లింది, అక్కణ్ణించి ఈవిణ్ణి ఎక్కించుకుని వచ్చింది, ఇప్పుడు ఆయన్ని తీసుకుపోతోంది. నేను గదిలో కూర్చుని గీసినది!

3 మార్చి

మధ్యలో దిగిపోయుంటాడా? బరంపురంలో బండి చాలాసేపు ఆగుతుంది. పక్క లైనులో గూడ్సు ఉంటుంది. నంబర్లుంటాయి.

4 మార్చి

దిగిపోయుంటాడు.

5 మార్చి

ఎస్తేరమ్మ ప్రార్థనలో భద్రయ్య పేరు చెప్పింది. లక్ష్మీకాంతం పేరూ చెప్పింది. నా పేరు చెప్పలేదు. అడిగితే, "నీకేటి, నువ్వు ఇంటికాడే ఉన్నావు కదా" అంది.

6 మార్చి

ఆరు.

సుబ్బరాజు టెలిగ్రాం: బొమ్మ ఏది? జవాబివ్వలేదు. పొద్దున్నించి పెన్ను ముట్టుకుంటే భయంగా ఉంది. అది ఇంకా ఏమేం చూసి పెట్టుకుందో నాకేం తెలుసు.

12 మార్చి, శనివారం

సుబ్బరాజుకి మూడు బొమ్మలు ఒకేసారి పంపాను. వస్తూ వస్తూ నిమ్‌పురా వైపు వెళ్లాను. ఊరికే.

స్టూలు మీద ఉన్నాడు.

నేను దూరం నుంచే చూసి నిలబడిపోయాను. తమ్మె లేని చెవి ఎండలో వెనక నుంచి ఎర్రగా కనపడుతోంది. ఇదివరకు ఎన్నిసార్లు చూశానో, ఇవాళే మొదటిసారి చూసినట్టుంది.

"వచ్చినావా బావూ" అన్నాడు తిరగకుండా.

"నువ్వొచ్చావా?"

"నిన్న దిగినాను."

స్టూలు దిగి పక్కన కూర్చున్నాడు. నేను అడగలేదు. నోరు మూసుకుని కూర్చోవడం ఇంత కష్టమని నాకిన్నాళ్లూ తెలియదు. కాసేపటికి వాడే చెప్పాడు.

"నన్ను సూసి మా పెద్ద తమ్ముడు ఒక్క గంతున నూతి గట్టెనక్కి పారిపోనాడు, దెయ్యవని. తరవాత ఏడిసినాడు. అప్పటికే సరుకులు తెచ్చీసినారు. సుట్టాల్ని పిలిసీసినారు, ఆరునాడు అందరూ దిగినారు. బ్రామ్మడు కూడా వచ్చీసినాడు, దర్భలట్టుకుని. మరి ఆ సరుకులన్నీ ఏటి సేస్తారు? వండీసినారు. నన్ను మొదటి బంతిలో కూకోబెట్టి కాంతం ఒడ్డించింది. గారెలు, పరవాన్నం. నా కర్మ బోజనం నేనే తిన్నాను బావూ."

"ఎలా ఉంది?"

"ఉప్పు సరిపోయింది." నవ్వలేదు. "అందరూ ఆవిడి బొట్టు వొంకే సూసినారు. ఆవిడ పట్టించుకోనేదు. బంతి బంతికీ తిరిగి ఒడ్డించినాది. బ్రామ్మడికి దచ్చిన ఇచ్చి, ఆ దర్భలు ఆవుకి ఎయ్యమన్నాది."

నాకు ఆ పందిరి కనపడుతోంది. ఆ వరస విస్తళ్లు, అందులో మొదటి విస్తరి ముందు ఈ మనిషి, ఎవరి కోసం వండారో వాడే. వేసి చూడాలంటే నాకు చేతకాదు. ముప్పై ఏళ్ల నుంచి బొమ్మలు వేస్తున్నాను, ఒక్క దాన్లోనూ అంత మనిషి లేదు.

"ఎందుకెళ్లావని అడిగిందా?"

"నేదు."

"తిట్టిందా?"

"నేదు. ఆ బోజనాల తరవాత మూడు రోజులున్నాను. నాలుగోనాడు సంచీ సద్ది ఇచ్చినాది. టేసన్‌కొచ్చినాది." రంగుడబ్బా మూత తీశాడు, మళ్లీ పెట్టాడు. "మళ్లీ ఎప్పుడొస్తావని అడగనేదు బావూ."

"అడిగితే ఏమనేవాడివి?"

ఒక గూడ్సు మెల్లిగా పోయింది. ఒక్క నంబరూ చదవలేదు వాడు. నేలకేసి చూస్తున్నాడు.

"మే నెల్లో మావిడికాయలు దిగుతాయి" అన్నాడు. "ఆవకాయకి కాయలు కొట్టాలంటే పెద్ద కత్తి. ఆవిడి సేతులు సూసినావు కదా నువ్వు, ఎంత సన్నవో. పన్నెండేళ్లూ ఎవులు కొట్టినారో అడుగుదావనుకున్నాను. అడగనేకపోనాను."

నా దగ్గర దీనికి మాట ఉంది. మంచి వెటకారమే. నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

మింగేశాను.